అరవై దాటితే కందికట్టె

మా పీటీ సార్ పోయారు. శుక్రవారం పొద్దున నారాయణఖేడ్ బస్ డిపో ముందు చాయ్ తాగుతూ కూలబడ్డారు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. జన్మంతా మమ్మల్ని కొట్టిన మనిషిని గుండె ఒక్కటే దెబ్బ కొట్టింది. తిరిగి కొట్టే అవకాశం కూడా ఇవ్వలేదు.

నా పిక్కల తరఫున సంతాపం తెలియజేస్తున్నాను. ఆయన్ని నాకంటే దగ్గరగా ఎరిగినవి అవే. ఎండిన కందికట్టె ఆయన ఆయుధం. నాగల్‌గిద్ద రోడ్డు పొడవునా కందిచేలే కాబట్టి ఎన్ని విరిగినా కొరత ఉండేది కాదు.

లోకంలో ఏ సారైనా తక్కువ ఉరికితే కొడతాడు. మా సార్ ఎక్కువ ఉరికితే కొట్టేవారు. ఎనిమిది వందల, పదిహేను వందల మీటర్లవాళ్లకు వారానికి అరవై కిలోమీటర్లు, అంతే. శనివారం మమ్మల్ని స్కూలు అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మోకాలి కింది ఎముకను బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లేవారు. "అమ్మా" అన్నవాడికి రెండు పడేవి: నొప్పి తెచ్చుకున్నందుకు ఒకటి, దాచినందుకు ఒకటి. పైగా బూట్లు జప్తు.

కాలేజీకి మారినా ఆయన దగ్గరే ఉరికేవాణ్ణి. ఇంటర్ మొదటి ఏడు చదువుతుండగా, జిల్లా సెలక్షన్లకు రెండు నెలల ముందు, పక్క మండలంవాడు వారానికి తొంభై ఉరుకుతున్నాడని విన్నాను. పదిహేను వందల్లో తీసుకునేది ఒక్కడినే. సార్‌కు తెలియకుండా సాయంత్రాలు నాగల్‌గిద్ద రోడ్డు పట్టాను. రెండు వారాలకే ఎముకలో సూది దిగినట్టు నొప్పి. మూడో వారం ఒకరోజు, వెనక స్కూటర్ ఆగిన చప్పుడు వినేలోపే పిక్క మీద మంట.

"ఎన్నయినయ్‌రా గీ వారం?"

"అరవై సార్."

ఇంకొకటి పడింది.

"ఎనభై సార్!"

"కాలు ఇరగ్గొడ్త గాడ్ది కొడుకా!"

"మీరే ఇరగ్గొడ్తె ఇగ గెలిచేదెట్ల సార్?"

కట్టె నా మీదే విరిగింది. చేలోకి దిగి ఇంకోటి పీక్కొచ్చి, కొట్టబోయి ఆగి, తన ప్యాంటు పైకి లాగారు. ఎముక మీద నిమ్మకాయంత బుడిపె.

"నేను కొడ్తె రెండు దినాల్ల వాపు దిగుతది. గిది ఉరికి ఇరగ్గొట్టుకున్నది. మొనగాన్నని వారానికి నూట ఇరవై ఉరికినరా. సెలక్షన్ల రెండో రౌండుల టప్పుమన్నది. గా సప్పుడు ఇంక ఇనవడ్తనే ఉన్నది."

బూట్లు పోయాయి. పది రోజులు నడక కూడా నిషేధం. ఖేడ్ అంతా నవ్వుతుండగా ఆయన స్కూటర్ వెనక కూర్చునే కాలేజీకి వెళ్లాను.

ఆ ఏడు తొంభైవాడే గెలిచాడు. నేను రెండోవాణ్ణి. ఏడుస్తుంటే వీపు మీద ఒకటి చరిచారు.

"ఏందిరా? కాలున్నది గదా! వచ్చే ఏడున్నది."

మరుసటి ఏడు ఎంపికైన ఆ ఒక్కడు నేనే. ఇప్పటికీ అరవై లెక్క తప్పను.

శనివారం చర్చి నుంచి సమాధుల తోట దాకా ఆయన పెట్టెను మోసింది శిష్యులమే. దూరం రెండు కిలోమీటర్లు. నా లెక్క ఆ పొద్దుటికే అరవై నిండింది. అరవై ఒకటో కిలోమీటరు, అరవై రెండోది మొత్తం పిక్కలు బిగబట్టి నడిచాను. రోడ్డు పక్కన కందికట్టెలు మోపులు కట్టి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కటీ నా మీదికి లేవలేదు.