మెల్లగా చెప్పిన మాట

పోయిన వారం మా ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర ఒక పెద్దాయన చీటీ అందుకోవడానికి వంగినప్పుడు, ఆయన పైపంచె నుంచి పచ్చకర్పూరం వాసన వచ్చింది. గుడిలో తీర్థం పుచ్చుకుని తడిచేతిని పైపంచెకు తుడుచుకునే వాళ్ళ దగ్గర ఉండే వాసన అది. పేరు అడగబోయి అలాగే ఉండిపోయాను. వెనక నిలబడ్డామె "ఏమప్పా, ఈ లైను కదిలేదుండాదా లేదా?" అనేదాకా నాకు తెలివి రాలేదు. ఆ వాసన నేను మొదట ఎరిగింది వరదాచార్యులు గారి దగ్గర. తిరుపతిలో నా మొదటి ఇంటి ఓనరు ఆయన. ఆయన మిద్దె మీద ఏడాదిన్నర అద్దెకు ఉన్నాను. ఈ కౌంటరులో నేను మనిషిలా మాట్లాడగలుగుతున్నానంటే ఆయన నేర్పిందే. అందుకు ఆయనకు నేను చేసిన ఉపకారం ఏమిటో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. మాది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. పొద్దున కరెంటు వచ్చిన దగ్గర్నుంచీ వాటి టకటకలోనే మా కాపురం. ఉప్పు అందించమనాలన్నా పొలికేక పెట్టాల్సిందే. మా ఇళ్ళలో రహస్యాలు ఉండవు, ఉంటే అవి వీధంతటికీ తెలిసిన రహస్యాలే. యాభై దాటేసరికి మగ్గం మనిషికి చెవులు మందగిస్తాయి. దాన్ని మేము జబ్బు అనుకోం, తల నెరవడం లాంటిదే అనుకుంటాం. కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే గడప దగ్గరే చెప్పేస్తాం, "గట్టిగా మాట్లాడప్పా, మా నాయనకి వినపడదు" అని. నాయన కూడా లోపలినుంచి నవ్వుతూ "ఆఁ, గట్టిగా సెప్పు" అంటాడు. అంతే. అందులో దాచుకోవలసింది ఏమైనా ఉంటుందని నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదు.

ఆ గొంతుతో వచ్చి ఆస్పత్రి కౌంటరులో కూర్చున్నాను. మొదటి రోజు నేను రోగుల పేర్లు పిలుస్తుంటే పైఅంతస్తు వార్డులోంచి నర్సు దిగివచ్చి ఎవరికి ఏమైందని అడిగింది. మా సూపర్‌వైజరు విజయ మేడం నన్ను పక్కకు పిలిచి, "ఇది ఆస్పత్రి నాయనా, టమోటా మండీ కాదు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. గొంతు తగ్గించాలని చూస్తే మాట నోట్లోనే ఉండిపోయేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు. మూడు నెలల్లో పని కుదురుకోకపోతే పంపించేస్తామని ముందే చెప్పి ఉన్నారు.

ఇల్లు వెతకడం ఇంకో అవస్థ. పెళ్ళి కానివాడికి ఇవ్వం అన్నవాళ్ళు కొందరు, మీది ఏ కులం, ఏం తింటావు అని అడిగి తలుపు వేసినవాళ్ళు కొందరు. చివరికి ఒక పాత వీధిలో మిద్దె మీద పోర్షను ఖాళీగా ఉందని తెలిసి వెళ్ళాను. వరదాచార్యులు గారి భార్య కోమళమ్మ గారు గేటు దగ్గరే ఆపేశారు. "పెండ్లయినోళ్ళకే ఇస్తాం నాయనా" అన్నారు. నేను బతిమాలుకున్నాను. మాంసం వండను, సిగరెట్టు ముట్టను, ఆదివారాలు నగరికి పోతాను అన్నాను. బతిమాలడం కూడా నాకు మెల్లగా రాదు కదా, ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. వరండాలో వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న పెద్దాయన, నుదుటన తిరునామం, ఒళ్ళో మడిచిన పేపరు, ఒక్కసారి లేచి కూర్చున్నారు. "ఎవరీ అబ్బాయి? రమ్మను లోపలికి" అన్నారు. ఊరు, పని, నాయన ఏం చేస్తాడు, అన్నీ అడిగారు. నేను చెప్పినంతసేపూ ఆయన ముఖం విప్పారుతూనే ఉంది. "ఇతనికే ఇద్దాం కోమళా" అన్నారు. ఆమె వింతగా చూశారు. నా గుణం చూసి ఇచ్చారని చాలా రోజులు గర్వపడ్డాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గదా, నా శంఖం మాత్రం ఆయనకు వినిపించింది. అసలు సంగతి అదే.

పాలు పొంగించకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదని కోమళమ్మ గారు పట్టుబట్టారు. అద్దె ఇంటికి కూడానా అన్నాను. "అద్దెదైతే మాత్రం, అన్నం వండుకునేది ఆడనే కదా" అని ఆమే కొత్త గిన్నె, చెంబెడు పాలు తెచ్చి నా ఒంటి స్టవ్వు మీద పెట్టారు. పాలు పొంగి స్టవ్వంతా పాడయ్యాక తృప్తిగా కిందికి వెళ్ళారు. మా అమ్మ రాలేకపోయిందన్న వెలితి ఆ పూట నాకు తెలియలేదు.

ఆచార్యులు గారు హైస్కూల్లో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరైనవారు. రోజూ సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే పేపరు చదివి వినిపించమనేవారు. కళ్ళజోడు సరిపోవడం లేదని చెప్పేవారు. నేను వరండా మెట్టు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివేవాణ్ణి. వారం తిరక్కముందే నాకు అర్థమైపోయింది, ఆయనకు చూపు బాగానే ఉంది, వినికిడే లేదు అని. వంటింట్లో కుక్కరు మూడు విజిళ్ళు వేసినా ఆయన తల తిరిగేది కాదు. మా నాయన కూడా అంతే. కాబట్టి నాకు అది వింతా కాదు, దాని గురించి మాట్లాడవలసిన పనీ కనబడలేదు. అందరికీ తెలిసిందే అనుకున్నాను.

ఒకరోజు కౌంటరులో పడుతున్న కష్టం ఆయనతో చెప్పుకున్నాను. తల వంచుకుని చెబుతుంటే ఆయన నా గడ్డం పట్టి ఎత్తారు. "ముఖం చూసి చెప్పు నాయనా. నేలతో మాట్లాడితే నేల పలకదు" అన్నారు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. అంతా విని, "నీ గొంతులో తప్పేం లేదు. నువ్వు మాటలన్నీ కలిపి ఒకే పోగు లాగినట్టు లాగేస్తాండావు. మాటకీ మాటకీ మధ్య చోటివ్వు. ఎదుటివాడి కండ్లు చూడు. అందిందా లేదా అనేది కండ్లలో తెలస్తాది. అందలేదంటే మళ్ళీ చెప్పు, విసుక్కోకుండా" అన్నారు. మరునాడు అలాగే చేశాను. గొంతు తగ్గించలేదు, నిదానించాను, కౌంటరు మీదికి వంగి ముఖం చూసి మాట్లాడాను. పలమనేరు నుంచి వచ్చిన ఒక ముసలామె, "నువ్వు చెప్పేదే నాకు తెలస్తాండాది నాయనా" అని నా కౌంటరుకే వచ్చి నిలబడింది. మూడో నెల చివర విజయ మేడం నా ఉద్యోగం ఖాయమైందని చెప్పింది. అది మర్యాద పాఠం అనుకున్నాను. తనలాంటి మనిషితో ఎలా మాట్లాడాలో, తనకేం కావాలో ఆయన నాకు చెప్పుకున్నారని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆయనకు రోజులో ముఖ్యమైన పని తెల్లవారుజామున ఉండేది. వీధి చివర చిన్న పెరుమాళ్ గుడిలో పాశురాల గోష్ఠి. పదిమంది రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఈ వరుస సగం పాడితే ఆ వరుస మిగతా సగం అందుకోవాలి. తమిళ పాశురాలు ఆయనకు వేలకొద్దీ నోటికి వచ్చు. నలభై ఏళ్ళుగా అదే వరుసలో అదే చోటు. ఒకసారి నన్ను తీసుకెళ్ళారు. ఆయన పాడుతున్నంతసేపూ ఎదుటి వరుసలోని సంపత్ గారి ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు. భక్తి అనుకున్నాను. ఊరేగింపులో నడుస్తూ పాడవలసి వస్తే మాత్రం మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయేవారు. నడిచేటప్పుడు ఎదుటివాళ్ళ పెదవులు కనబడవు. నేను ఇవన్నీ చూశాను గానీ ఒకదానితో ఒకటి కలిపి చూసుకోలేదు.

రెండో ఏడు ధనుర్మాసానికి ముందు, ఒక ఉదయం టిఫిన్ బాక్సు పట్టుకుని మెట్లు దిగుతున్నాను. గోష్ఠికి పెద్ద అయిన సంపత్ గారు గేటు దగ్గర నిలబడి "స్వామీ, స్వామీ" అని పిలుస్తున్నారు. ఆచార్యులు గారు అటు తిరిగి తులసికోటకు నీళ్ళు పోస్తున్నారు. పెద్దమనిషి ఎంతసేపు నిలబడతారని నేను సాయం చేయబోయాను. గడప దగ్గర మా ఇంట్లో చెప్పినట్టే చెప్పాను.

"గట్టిగా పిలవండి సామీ. ఆయనకి వినపడదు కదా. ముందరికి పోయి నిలబడి, ముఖం చూసి చెప్పండి."

సంపత్ గారు నా వైపు తిరిగారు. "వినపడదా? ఎప్పటినుంచి?"

"నేను వచ్చినప్పటినుంచీ అంతే. కుక్కరు కూత కూడా వినపడదు" అన్నాను నవ్వుతూ.

తులసికోట దగ్గర చెంబు ఆగింది. ఆచార్యులు గారు ఇటు తిరిగారు. సంపత్ గారి పిలుపు వినబడలేదు గానీ, నా మాటలు ఒక్కటి కూడా పోకుండా వినబడ్డాయి. ఆ వీధిలో ఆయనకు వినబడే గొంతు నాదొక్కటే. ఆయన చెంబు కోట మీద పెట్టి, "లోపలికి రాండి సంపత్" అన్నారు. నేను డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయాను. బస్సులో కూర్చున్నా ఏం చేశానో నాకు తెలియలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిందని కూడా నాకు తెలియదు.

గోష్ఠివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎంతో మర్యాదగా చేశారు. వరుసలో నేల మీద కూర్చోవడం కష్టమని గోడ పక్కన కుర్చీ వేశారు. తీర్థం మొదట ఆయనకే ఇచ్చారు. రెండేళ్ళుగా అప్పుడప్పుడు ఎవరో అరక్షణం ముందుగా అందుకోవడం, పాట తెగడం జరుగుతూనే ఉందట. అది ఎవరో వాళ్ళకు ఇప్పుడు తెలిసింది. ఆయన రెండు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నారు. మూడో రోజు వెళ్ళలేదు. ధనుర్మాసం మొదలైన పొద్దున నేను పైనుంచి చూశాను. స్నానం చేసి, పన్నెండు నామాలు పెట్టుకుని, మడి పంచెతో వరండాలో కూర్చున్నారు. గుడి మైకులోంచి గోష్ఠి వీధంతా వినిపిస్తోంది. ఆయనకు తప్ప.

ఆయన గుడికి ఎందుకు పోవడం లేదని కోమళమ్మ గారిని అడిగాను. ఆమెకు కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "నీకేం తెలుసు నాయనా. మీ ఇంట్లో అది మామూలు. ఈడ వినపడనోడు వరసలో కూర్చోకూడదు, పాట చెడతాది. ముందు ఇంకొక పెద్దాయనకి ఇట్లే అయితే, కుర్చీలో కూర్చోమని చెప్పింది మా ఆయనే. అందుకే బయట పెట్టలేకపోయినారు. సాయంత్రాలు ఆయన ఇంట్లో పాడుకుంటాంటే నేను ఎదురుగా కూర్చునేదాన్ని. యాడ తొందరపడతాండారో మోకాలు తట్టి చెప్పేదాన్ని. ఇంకొక్క ఏడు నెట్టుకొస్తే చాలనుకున్నాం" అన్నారు. చెవి మిషను చూడకూడదా అన్నాను, మా ఆస్పత్రిలోనే ఉన్నారు డాక్టర్లు అన్నాను. "కొన్నాం. అది పెట్టుకుంటే పదిమంది గొంతులూ ఒకటే హోరంట. పెట్టెలో ఉండాది" అన్నారు.

ఆయన మాత్రం ఆ సాయంత్రం కూడా నన్ను పేపరు చదవమని పిలిచారు. చదివాను. ఆ తరువాత చదవలేకపోయాను. నా గొంతు ఆయనకు వినబడుతోందన్న సంగతే నన్ను కాల్చేది. సాయంత్రం షిఫ్టు అడిగి వేయించుకున్నాను. ఇంటికి వచ్చినా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేవాణ్ణి, ఆయనకు ఆ చప్పుడు ఎలాగూ వినబడదన్న ఆలోచన కూడా లేకుండా. ఆయనకు వినబడే ఒక్క గొంతునూ ఆయన నుంచి తీసుకున్నానని అప్పుడు తోచలేదు. నా సిగ్గే నాకు పెద్దదయింది. నాలుగు నెలలకు ఆస్పత్రి దగ్గర ఇల్లు చూసుకుని ఖాళీ చేశాను.

వెళ్ళేరోజు ఆటోలో సామాను ఎక్కించి వరండాలోకి వచ్చాను. ఆయన వాలుకుర్చీలో ఉన్నారు. కాళ్ళకు దండం పెట్టి, అలా వంగే, నేల వైపు చూస్తూ, "నా వల్లే సామీ. నేను చెప్పకుండా ఉంటే మీ చోటు మీకు ఉండేది. క్షమించండి" అన్నాను. జీవితంలో మొదటిసారి నాకు మెల్లగా మాట్లాడటం వచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "సరే నాయనా, పోయిరా" అన్నారు. క్షమించారనుకుని గుండె బరువు దించుకుని ఆటో ఎక్కాను. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు. వెళ్ళాలనుకున్న ఆదివారాలన్నీ నగరి బస్సులోనే గడిచాయి.

ఏడాది దాటాక ఆయన పోయారని, ఆ వీధి పక్కనే ఉండే విజయ మేడం ద్వారా తెలిసి పదమూడో రోజు వెళ్ళాను. కోమళమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆయనతో ఏమో చెప్పినావంటనే, ఏం చెప్పినావు నాయనా? నువ్వు పోయినాక నన్ను అడిగినారు. 'ఆ అబ్బాయి ఏమో చెప్పినాడు, నాకు అందలేదు. ఏడస్తా ఉన్నట్టుండాది, మళ్ళీ చెప్పమంటే బాధపడతాడని ఊరుకున్నాను. ఈసారి వస్తే అడగాల' అన్నారు. నువ్వు వస్తావని శానా దినాలు చూసినారు" అన్నారు.

ఆమెకు చెప్పాను. ముఖం చూసి, మాటకూ మాటకూ మధ్య చోటిచ్చి చెప్పాను. ఇంట్లో ఉన్న చుట్టాలందరూ తిరిగి చూశారు. ఆమె అంతా విని, "ఇది ఆయనకి చెప్పాల్సిన మాట నాయనా" అన్నారు.

నాకు పెళ్ళయింది. తప్పు చేస్తే ఇంట్లో ఒప్పుకోవడం నాకు అలవాటే, కానీ ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ, పక్క పోర్షనుకు వినబడేలా ఒప్పుకుంటాను. "తప్పు చేసింది నువ్వా, నేనా? ఎందుకట్లా అరస్తావు?" అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ అనుకుంటాను. మెల్లగా చెబితే ఏమవుతుందో ఆమెకు తెలియదు.