రెండు మాటలు పలికిన రేకు

నిన్న పొద్దున దుమ్ముగూడెం నుంచి ఒక టీచరుగారు తన పాత అంబాసిడర్ తెచ్చి మా షాపు ముందు ఆపారు. సీట్లు విప్పి బయట పెట్టి, చివికిపోయిన మ్యాటు లాగేసి, అడుగు రేకును వేలి కణుపుతో ఒకసారి కొట్టాను. ఠంగుమని మోగింది. ఆ మోత కారంతా తిరిగి తలుపుల దాకా పోయింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఓదెలు కాక గుర్తొస్తాడు. గుర్తొచ్చిన వెంటనే ఒళ్లు మండుతుంది. మనిషి పోయి రెండేళ్లయింది గానీ ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు. పోయిన పెద్దల గురించి చెప్పేటప్పుడు దేవుడిలాంటి మనిషి అని మొదలుపెట్టడం మర్యాద. ఈయన అలాంటివాడేమీ కాదు. ఎదుటివాళ్ల ఓపిక ఎంతుందో కొలిచి చూడడానికే పుట్టినవాడు.

బూర్గంపాడులో మాది సీటు కవర్ల షాపు. నాన్న పెట్టింది. ఆయన పోయాక కుట్టుమిషను ముందు నేను కూర్చున్నాను. ఆడమనిషికి కార్ల పనేమిటని ఊరు కొన్నాళ్లు చెవులు కొరుక్కుంది, కుట్టు గట్టిగా ఉందని తెలిశాక ఊరుకుంది. రెగ్జిన్ కుట్టడంతో పాటు పాత కార్లలో చప్పుడు తగ్గించే పని కూడా చేస్తాను. పాత కారంటే ఉత్త రేకు. ఇంజను అదురూ, గతుకుల మోతా అంతా ఆ రేకు పట్టుకుని లోపలివాళ్ల నెత్తిన కొడుతుంది. లోపలంతా విప్పి, తుప్పు గీకి, థిన్నరుతో తుడిచి, వెనక జిగురున్న మందపాటి రబ్బరు షీట్లు అతికించి, చిన్న రోలరుతో గాలి లేకుండా నొక్కాలి. దాని మీద ఫోము, ఆ పైన మ్యాటు. సరిగ్గా అతికితే అదురు అక్కడికక్కడే చస్తుంది. వినడానికి ఇంతే పని. ఓదెలు కాక చేతిలో పడితే మాత్రం ఇది పని కాదు, తపస్సు.

ఆయన మా వెనక వీధిలో ఉండేవాడు. బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. కూలీలు దిగేముందు బాయిలోకి దిగి, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, ఉందంటేనే మిగతావాళ్లను రానిచ్చే ఉద్యోగం అది. కొనకు ఇత్తడి పొన్ను తొడిగిన కర్ర ఒకటి ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది. బాయిలో ఆ కర్రతో కప్పును కొట్టి చప్పుడు వినేవాడట. రిటైరయ్యాక కొట్టడానికి కప్పు లేక, కనపడినదల్లా కొట్టేవాడు. పుచ్చకాయలు, నీళ్ల ట్యాంకులు, మా షాపు షట్టరు, కొత్తగా కట్టిన ఎవరింటి గోడైనా సరే. గృహప్రవేశానికి పిలిస్తే భోజనానికి ముందు నాలుగు గోడలూ కొట్టి ‘ఈడ డొల్ల ఉన్నది’ అని చెప్పి వచ్చేవాడు. ఆయన్ని రెండోసారి పిలిచినవాళ్లు తక్కువ.

పదేళ్ల కిందట మే నెల మొదట్లో ఆయన తన అంబాసిడర్ తీసుకుని షాపుకు వచ్చాడు. ఆయన భార్య రాజమ్మ చిన్నమ్మకు అంతకు రెండు నెలల ముందే తలకు ఆపరేషన్ అయింది. నెలకోసారి ఖమ్మం తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ తరువాత ఆమెకు చప్పుడు పడడం లేదు. పళ్లెం కింద పడినా రెండు చేతులతో తల పట్టుకునేది. బస్సు కుదరదు, అద్దాలు బిగించిన ఏసీ కారు ఎక్కితే వాంతులు. అంబాసిడర్ వెనక సీటులో అయితే కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. కానీ ఆ కారు మోతకు ఆరోగ్యవంతులకే తల తిరిగేది.

“పోయినసారి కొత్తగూడెం రాకముందుకే ‘కారాపు, నడిచి వస్త’ అన్నది బిడ్డా,” అన్నాడు కాక. “ఇంక దవాఖానకే రానంటున్నది. ఏమన్న జెయ్యి.”

“నాలుగు రోజుల పని కాకా. మళ్ల పోవుడు ఎప్పుడు?”

“ఇరవై రోజులున్నది.”

“ఇంకేంది మరి? పరేషాన్ గాకు.”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. నా నాలుగు రోజుల లెక్క విని నవ్వు ఆపుకున్నాడని తరువాత అర్థమైంది. మర్నాడు పొద్దున్నే స్టూలు తెచ్చుకుని కారు పక్కన వేసుకున్నాడు. నేను షీటు కత్తిరించి అడుగున పెట్టబోతుంటే కర్ర అడ్డం పెట్టాడు. “ముందుగాల కొట్టి ఇను. యాడ ఎక్కువ మోగుతున్నదో ఆడ పెట్టాలె. అంతట పూస్తె గోడకు సున్నమేసినట్టే.” ఆ తరువాత జానెడు జానెడు కొట్టుకుంటూ పోయాడు. కొట్టడం, తల వంచి వినడం, సుద్దముక్కతో గీత గీయడం. ఒక్క తలుపుకే సగం రోజు పట్టింది. నేను చేతిలో రోలరు పట్టుకుని పెళ్లివారింట పనిలేని చుట్టంలా నిలబడ్డాను.

షీటు అతికించాకైనా వదిలాడా అంటే లేదు. మళ్లీ కొట్టేవాడు. “ఇగో, చెవు పెట్టు. మంచిగ అతికింది ఒక్కటే మాట చెప్తది. దబ్బుమంటది, అయిపోతది. ఊడింది రెండు మాటలు చెప్తది. దబ్బుమన్నంక ఎనుక సన్నగ ఇంకోటి వస్తది. బాయిల గా రెండో మాట ఇంటె మేము ఆలోచన చెయ్యకపోదుము. ఎనుకకు ఉరుకుడే.” అతికింది అనుకున్న చోట సుద్దతో తన పేరులోని మొదటి అక్షరం ‘ఓ’ రాసేవాడు. బాయిలో చూసిన చోటల్లా అలా గుర్తు పెట్టడం సర్దారు బాధ్యతట. ‘ఓ’ పడని షీటును పీకించి మళ్లీ వేయించేవాడు. ఒక వెనక తలుపు మూడుసార్లు చేశాను. మూడోసారి పీకుతుంటే వేలు తెగింది. కట్టు కట్టుకొమ్మని చెప్పి, నేను కట్టుకునేలోపు పక్క తలుపు కొట్టడం మొదలుపెట్టాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. పద్నాలుగో రోజుకు అడుగూ తలుపులూ అయ్యేసరికి, నేను అనుకున్నదాంట్లో సగం షీట్లే పట్టాయి, చప్పుడు మాత్రం నేను అంతకుముందు చేసిన ఏ కారులోనూ లేనంత తగ్గింది. తలుపు వేస్తే మెత్తగా మూసుకుంది. అది చూసి సంతోషించాల్సింది పోయి, ఈయన చెప్పిందే నిజమైందే అని ఇంకా మండింది.

ఇక పైకప్పు మిగిలింది. అప్పుడే షీట్లు అయిపోయాయి. విజయవాడ నుంచి రావాల్సిన సరుకు రేపు, ఎల్లుండి అంటూ రాలేదు. చిన్నమ్మను ఖమ్మం తీసుకెళ్లాల్సిన రోజు ఎల్లుండికి వచ్చింది. ఆరోజు కాక ఏదో పింఛను కాగితం పని మీద కొత్తగూడెం పోయాడు. కర్ర చప్పుడు లేని షాపు నాకు స్వర్గంలా అనిపించింది. హార్డువేరు షాపులో, డాబాలు కారకుండా వేసే తారు షీట్లు దొరికాయి. చూడడానికి ఒకటేలా ఉంటాయి. అవి తెచ్చి, ఒక్క పూటలో కప్పంతా అతికించి, కింద బట్ట లైనింగు బిగించేశాను. చిన్నమ్మ కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, ఆయన కర్ర నుంచి తప్పించుకోవడం.

మర్నాడు కాక వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, పైన రేకు మీద కొట్టాడు. తల వంచాడు. మళ్లీ కొట్టాడు. దబ్బుమన్న చప్పుడు వెనకే, సన్నగా, రెండోది నాకు కూడా వినపడింది. పద్నాలుగు రోజులు ఆయనే నేర్పాడు కదా, ఎందుకు వినపడదు?

“పైన ఏమేసినవ్ బిడ్డా?”

“గదే షీటు కాకా. మిగిలినయి ఉండె.”

“మంచిగ అతికిందా?”

“అవ్. నేనే రోలర్ పట్టిన.”

ఆయన నా మొహం చూశాడు. ఇంకోసారి కొడతాడనుకున్నాను. కొట్టలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి కప్పు అంచున ‘ఓ’ అని రాసి, కర్ర చంకలో పెట్టుకుని కారు తీసుకుపోయాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా వైపు ఎండకు రోళ్లే పగిలితే తారు ఎంత? ఖమ్మంలో ఆసుపత్రి ముందు కారు నాలుగు గంటలు ఎండలో నిలబడింది. వెళ్లేటప్పుడు చిన్నమ్మ హాయిగా పడుకునే వెళ్లిందట. తిరిగి వచ్చేటప్పుడు, కొత్తగూడెం దాటి పాల్వంచ అడవి దారిలో, మెత్తబడిన తారు షీటు కప్పును వదిలేసింది. లైనింగు బట్టతో సహా పొట్టలా కిందికి జారి, చిన్నమ్మ మీద పడింది. తారు వాసనకు ఆమె దారి పొడుగునా వాంతులు చేసుకుంది.

సాయంత్రం కారు నేరుగా షాపు ముందు ఆగింది. చిన్నమ్మ తలకు చుట్టుకున్న తెల్ల బట్టకు నల్లటి మరక. ముఖం పీక్కుపోయి ఉంది. అయినా నన్ను చూసి ఆమే ముందు మాట్లాడింది.

“చూసినవా సుజాతా, ఈయన ముప్పై ఏండ్లు బాయిల తిరిగి వచ్చిండు, ఒక్క పెల్ల మీద పడలే. కారు ఎక్కిచ్చి కప్పు మొత్తం నా మీద ఏసిండు.”

“కాకా, గది తారు షీటు. నేను అబద్ధం చెప్పిన,” అన్నాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. మా నాన్నయితే రోలరు విసిరికొట్టేవాడు. కాక తిట్టలేదు. కర్రను రెండు చేతులా పట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

“తప్పు నాది బిడ్డా. కర్ర రెండు మాటలు చెప్పింది. ముప్పై ఏండ్లల్ల కప్పు సంగతి మనిషినడగలే నేను. బాయిల మా తమ్ముడు పనిజేసె గ్యాంగు మాట గూడ నమ్మలే. ఈసారి నిన్నడిగిన. అడిగి, సంతకం బెట్టిన.”

ఇప్పటికీ నాకు కోపం అక్కడే. తిట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. నా తప్పు తీసుకుపోయి తన నెత్తిన పెట్టుకుని నాకు ఏమీ మిగల్చకుండా చేశాడు. క్షమాపణ అడగడానికి కూడా చోటివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తారు గీకడానికి ఐదు రోజులు పట్టింది. కారులో వెల్లకిలా పడుకుని, కిరోసిన్ గుడ్డతో నానబెట్టి, చిన్న రేకుముక్కతో గీకుతుంటే తారు కళ్ల మీద, జుట్టులో, నోట్లో పడేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఐదు రోజుల్లో తెలిసింది. కాక స్టూలు మీద కూర్చుని చూసేవాడు. అదొక శిక్ష. అసలు షీట్లు వచ్చాక, కర్ర నా చేతికిచ్చాడు. జానెడు జానెడు నేనే కొట్టాను, నేనే విన్నాను. రెండు చోట్ల నాకే అనుమానమొచ్చి పీకి మళ్లీ వేశాను. అంతా అయ్యాక సుద్దముక్క కూడా నాకే ఇచ్చాడు.

“రాయి.”

“ఒక్కసారి నువ్వు కొట్టి చూడు కాకా.”

“నువ్వు కొట్టినవ్ గద.”

“గట్ల గాదు. నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి కొట్టు.”

వినలేదు. ‘సు’ అని రాయించి, మర్నాడు చిన్నమ్మను ఎక్కించుకుని ఖమ్మం వెళ్లిపోయాడు. ఇంత జరిగాక కూడా కొట్టకుండా వెళ్లాడు! ఊళ్లో గోడలన్నీ కొట్టే మనిషికి ఆ ఒక్క కప్పు మీద చేయి రాలేదు. ఎండ ఎక్కిన కొద్దీ నా చూపు మిషను మీద నిలవలేదు. ఆరోజు కుట్టిన సీటు కవరు అంతా వంకరే. చీకటి పడకముందే కారు వచ్చింది. వెనక అద్దంలోంచి చూశాను. చిన్నమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కాక వేలు పెదవుల మీద పెట్టుకుని, చప్పుడు చేయొద్దని నాకు సైగ చేశాడు. పాల్వంచ నుంచి ఆమె కన్ను తెరవలేదట.

తరువాత కాక ఎనిమిదేళ్లు బతికాడు. నేను చేసిన ప్రతి కారు దగ్గరికీ వచ్చి కూర్చుని, నా పనికి అడ్డం పడుతూనే ఉన్నాడు. ఆయన పోయిన పదకొండో రోజు చిన్నమ్మ ఆ కర్ర తెచ్చి నాకిచ్చింది. “నువ్వే పట్కపో. ఇంట్ల ఉంటె ఈయన ఇంక గోడలు కొట్టుకుంట తిరుగుతున్నట్టే ఉంటది,” అని నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయింది.

నిన్న ఆ టీచరుగారికి మూడు వారాలు పడుతుందని చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. ఆ మొహం నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నాదే. మూల నిలబెట్టిన కర్ర తెచ్చి ఆయన ముందుకు చాపాను. “ఇప్పుడు కొట్టి దీని మోత గుర్తుపెట్టుకోండి సార్. పని అయినంక మీరే కొట్టి చూసుకోవాలె.”

“ఎందుకమ్మా, మీ మాట చాలదా? నాకు మీ మీద నమ్మకమే,” అన్నారాయన.

“గా మాటొక్కటి అనకుండ్రి సార్,” అన్నాను. నా గొంతు ఎందుకంత గట్టిగా లేచిందో ఆయనకు అర్థం కాలేదు. కర్ర ఆయన చేతిలో పెట్టి, ఆయన వంగి రేకును కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను.