వజ్రమ్మ అడిగే మచ్చ

పాత గ్రీకు కథల్లో గడప ముందుకు ఒక ముసలి బిచ్చగాడు వచ్చి నిలబడ్డాడంటే పాఠకుడు వెంటనే అనుమానించాలి. ఆ చింకిపాతల కింద రాజు ఉంటాడు, లేదా మనుషుల బుద్ధి చూడ్డానికి దిగివచ్చిన దేవుడు ఉంటాడు. అన్నం పెట్టిన ఇల్లు బాగుపడుతుంది. పీట తీసి విసిరినవాడు కథ ముగిసేలోగా చస్తాడు. దీన్ని అతిథి ధర్మమని తరగతి గదుల్లో కళ్లు అరమోడ్చి చెబుతారు. ఇందులో ధర్మం కన్నా లాటరీ టికెట్టే ఎక్కువ. వచ్చినవాడు రాజేమోనని పెట్టే అన్నం రాజుకు పెట్టినట్టే తప్ప బిచ్చగాడికి పెట్టినట్టు కాదు.

ఆ కథల్లో అంతకన్నా మంచి చోటు ఒకటుంది. భర్త, ఆ దేశపు రాజు, యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. భార్య మగ్గం ముందు కూర్చుని ఎదురుచూస్తోంది. ఈ సంగతి దేశమంతా పాకింది కాబట్టి తిండికీ బట్టకూ కరువైన ప్రతి దేశదిమ్మరీ వచ్చి, మీ ఆయన్ని ఫలానా చోట చూశానంటాడు. ఆమె ఏడుస్తుంది, కూర్చోబెట్టి పెడుతుంది, నమ్మదు. ఈ మూడూ ఒకేసారి చేయగలిగిన మనిషి సూరత్‌లో, పర్వత్ పాటియా వెనక గల్లీలో ఉండేది. పేరు వజ్రమ్మ.

సిరిసిల్ల దగ్గరి నేతవాళ్ల పిల్ల. లింగమూర్తిని చేసుకుని సూరత్ వచ్చింది. అతను సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. ఆమె గడపలో కూర్చుని మార్కెట్ నుంచి వచ్చే చీరల కట్టలు విప్పి, వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించేది. ఆ గ్రీకు రాణి మళ్లీ పెళ్లిని వాయిదా వేయడానికి పగలు తాను నేసిందే రాత్రి తాను విప్పుకుంది. వజ్రమ్మకు అంత వైభోగం లేదు. ఎవరో నేసిన చీరలకు కొసలు కత్తిరించడమే ఆమె పని.

గదుల వరసను ఆనుకునే సాంచెల షెడ్డు. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినిపించదు. అందుకే సాంచెల మీద పనిచేసేవాళ్లు నోరు కదిలిస్తారు, అవతలివాళ్లు పెదవులు చూసి తెలుసుకుంటారు. సప్పుడు లేని మాట. కొత్త పెళ్లికూతురు వజ్రమ్మకు లింగమూర్తి ముందు నేర్పింది ఇదే. ఏడాది తిరిగేసరికి షెడ్డు కిటికీలో అతనూ, గడపలో ఆమే ఉండి గొంతు లేకుండా పోట్లాడుకునేవాళ్లు. ఎదుటి గదిలోని ఐలమ్మ ఆ తగాదాలు చదివి మధ్యలో తీర్పులు కూడా చెప్పేది.

తొంభై నాలుగులో ప్లేగు అన్నారు. ఊరంతా మూతులకు రుమాళ్లు కట్టుకుంది. సాంచెలవాళ్ల మాట ఆగిపోయింది, ఎవరి పెదవులూ ఎవరికీ కనిపించలేదు. జనం స్టేషను మీద పడ్డారు. ఆ తొక్కిసలాటలో లింగమూర్తి భార్యను కిటికీలోంచి బండిలోకి తోసేశాడు. తాను ఎక్కలేకపోయాడు. ప్లాట్‌ఫారం మీది గోల షెడ్డును మించిపోయింది. బండి కదులుతుంటే అతను ఏదో చెప్పాడు. రుమాలు కదలడం కనిపించింది. మాట కనిపించలేదు.

వెనక బండికి వస్తాడనుకుంది. రాలేదు. ప్లేగు చల్లారాక సూరత్ తిరిగొచ్చి చూస్తే గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది.

తర్వాత జరిగిందానికి బిచ్చగాళ్లను తిట్టి లాభం లేదు. మొదటివాడు ఒట్టి అన్నానికే వచ్చాడు. వజ్రమ్మే అడిగింది: "స్టేషన్ కాడ పండేటోనివి గదా, పొట్టిగ, చామనచాయగ మా తెలుగాయిన గిట్ల ఒకాయిన కనబడ్డడా?" ఆకలిగా ఉన్నవాడికి అది ప్రశ్నలా వినిపించలేదు, దారి చూపినట్టు వినిపించింది. కనబడ్డడన్నాడు. ఆమె రొట్టెలతో పాటు కూర పెట్టింది. ఆపై వారానికొకడు వచ్చి లింగమూర్తిని ఒక్కో ఊళ్లో బతికించి, తిని, మూతి తుడుచుకుని పోయేవాడు.

"ఏందే వజ్రా, నీ ఇల్లు స్టేషన్ల బోర్డు మీద రాసి పెట్టిండ్రా?" అంది ఐలమ్మ. "ఇంటికొచ్చిన బిచ్చపోడు దేవునితోని సమానమని నువ్వు పెడ్తనే ఉన్నవు. దేవుడైతే గన్ని అబద్దాలు ఆడుతడా?"

"దేవుడని పెడ్తలేనక్కా. ఒక్కడన్న నిజం చెప్తడేమోనని పెడ్తున్న."

నిజం పట్టుకోవడానికి ఆమె ఒక ఉపాయం చేసింది. వచ్చినవాడి కథ అంతా విని, చివర్లో ఏమీ ఎరగనట్టు అడిగేది: "కనుబొమ్మ మీద నాడె తగిలిన మచ్చ మానిందా?" సాంచె మీంచి నాడె, అంటే పోగును అటూ ఇటూ మోసే కండె, ఎగిరొచ్చి మొహానికి తగలడం ఆ పనిలో మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మానిందక్కా అనేవాడొకడు, ఇంకా ఎర్రగుందనేవాడొకడు. లింగమూర్తి మొహం మీద అసలు మచ్చే లేదు. గ్రీకు కథలో దాది కాళ్లు కడుగుతూ మచ్చ తడిమి రాజును గుర్తుపట్టింది. ఇక్కడ వజ్రమ్మ లేని మచ్చతో అబద్ధాలకోరును పట్టేది.

తొంభై ఏడు ఎండాకాలంలో, ఒక ఆదివారం, లింగమూర్తి అన్న నర్సింగం జాబర్ రాజమౌళిని వెంటబెట్టుకుని వచ్చాడు. రాజమౌళి సాంచెలు బాగుచేసే పెద్ద మేస్త్రీ. అక్కడి తెలుగు నేతవాళ్లలో పెద్దమనిషి కూడా. వచ్చిన పని ఒక్కటే. లింగమూర్తి చచ్చిపోయాడని ఒప్పుకుని దినాలు చేయాలి. చేస్తే వజ్రమ్మ పుస్తె, మెట్టెలు తీసి ఊరికి పోవాలి. గది నర్సింగానికి వస్తుంది. అతను దుర్మార్గుడేం కాదు. సూరత్ శివారులోని ఉన్ దగ్గర ఒకే గదిలో పెళ్లాన్నీ నలుగురు పిల్లల్నీ పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతున్న మనిషి.

"మూడేండ్లాయె. బతికుంటె ఒక్క కార్డు ముక్క రాయకపోవునా?" అన్నాడు.

"రాసుడు రాదు గద బావా, మీ తమ్మునికి."

"రాసిచ్చేటోళ్లు లేరా దునియాల?"

రాజమౌళి చెయ్యెత్తాడు. "పిల్లా, నిన్ను ఎల్లగొట్టనీకి రాలేదు. సచ్చినోనికి నీళ్లు ఇడువకపోతె తప్పు."

"సచ్చిండని ఎవలు చూసిండ్రే?"

"బతికిండని ఎవలు చూసిండ్రు?" అన్నాడు నర్సింగం.

"వారానికొకడు చూస్తుండు," అంది ఐలమ్మ తన గడపలోంచి. రాజమౌళికి నవ్వొచ్చింది గానీ మీసం సర్దుకున్నాడు.

అప్పుడే వచ్చాడు ఆ బిచ్చగాడు. గడ్డం మాసిన మనిషి, భుజానికి సంచి, చేతిలో సత్తు పళ్లెం. తల వంచుకుని కళ్లు మాత్రం పైకెత్తి ఒక్కొక్కరి మొహమూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"చూపు చూడు, దొంగచూపు. ఇంట్ల సామాను అందాజ చేస్తుండు," అంది ఐలమ్మ.

"లింగమూర్తి ఇల్లు ఇదేనా అక్కా? ఆయిన ముచ్చట చెప్పేదున్నది," అన్నాడు వాడు, ఉండాల్సిన దానికన్నా గట్టిగా.

రాజమౌళి వజ్రమ్మ వైపు తిరిగి, వాడి ముందు పైకి అనడం ఇష్టంలేక, షెడ్డులో మాట్లాడినట్టు పెదవులు కదిపాడు: వీడు నిజం చెప్తుండని ఎట్ల తెలుస్తది? వజ్రమ్మా అలాగే చెప్పింది: మచ్చ అడుగుత. ఉన్నదంటె దొంగ. ఆయినకు మచ్చ లేదు. రాజమౌళి తలాడించాడు. మళ్లీ పెదవులతోనే అన్నాడు: వీడు లేదంటె మాత్రం, వీడు చెప్పిందే ఖాయం. అటో ఇటో ఇయ్యాలనే తెగాలె. ఒప్పుకుంటవా? వజ్రమ్మ కాసేపు మెట్టెల వైపు చూసింది. ఒప్పుకుంట, అంది గొంతు లేకుండా.

బిచ్చగాడిని గడప లోపల కూర్చోబెట్టి అన్నం వడ్డించారు. పక్కన నీళ్ల చెంబు పెట్టారు.

"చెప్పు," అన్నాడు రాజమౌళి.

వాడు ముద్ద నోట పెట్టకుండానే చెప్పాడు. "ప్లేగు గడబిడల ఒక్క బండ్లనే ఉన్నం. దారిల ఆయినకు జ్వరమొచ్చింది. ప్లేగోడని బల్లార్షా స్టేషన్ల దించేసిండ్రు. నేను గూడ దిగిన. తెల్లారె వరకు లేడు అక్కా."

ఇన్నేళ్లలో లింగమూర్తిని చంపినవాడు ఇతనొక్కడే. అంతకుముందు వచ్చినవాళ్లందరూ బతికించారు, బతికిస్తే కూర దొరుకుతుంది కాబట్టి. చచ్చాడని చెబితే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకని మాట చెప్పేవాణ్ని ఎవరైనా నమ్మేస్తారు. నర్సింగం తల పట్టుకున్నాడు. అది ఏడుపేనని ఐలమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు.

వజ్రమ్మ అడిగింది: "కనుబొమ్మ మీద నాడె తగిలిన మచ్చ... మానిందా అప్పటికి?"

"మచ్చా? మచ్చ ఏడిది అక్కా? ఆయిన మొకం సాఫ్‌గ ఉండె."

రాజమౌళి కళ్లు మూసుకున్నాడు. "ఇగ అయిపాయె పిల్లా," అన్నాడు.

 వజ్రమ్మ గోడకు ఒరిగి, ఎదుటి గడపలోని ఐలమ్మ వైపు చూసి పెదవులు కదిపింది: నీళ్లు. ఐలమ్మ లేచేలోపే బిచ్చగాడు తన పక్కనున్న చెంబును ఆమె వైపు జరిపాడు. జరిపి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వజ్రమ్మ నీళ్లు తాగలేదు. చెంబు వైపు చూసింది, వాడి కళ్ల వైపు చూసింది. ఆ కళ్లు అప్పుడూ ఆమె మూతి మీదే ఉన్నాయి. మొహం వాడికి మాత్రమే కనబడేలా తిరిగి, చప్పుడు లేకుండా అడిగింది: మామిడికాయ తొక్కు ఎయ్యాల్నా?

"వద్దక్కా, గిదే చాలు," అన్నాడు వాడు పైకే.

ఎవరూ వినని ప్రశ్నకు వచ్చిన జవాబు గదిలో అందరికీ వినిపించింది. ముందు రాజమౌళికి వెలిగింది. "వీని తల్లి! వీడు మన సాంచెలోడే. మనం మాట్లాడిందంత సదివిండు."

నలుగురు సాంచెలవాళ్లు ఒక బిచ్చగాడి ముందు తమ రహస్యాన్ని సాంచెల మాటలోనే చెప్పుకున్నారు. వాడు ఒకప్పుడు తమలో ఒకడై ఉండొచ్చన్న ఊహ వాళ్లెవరికీ రాలేదు. దొంగేమోనని అనుమానించారు, దూతేమోనని ఆశపడ్డారు. పక్క షెడ్డు మనిషేమోనని మాత్రం అనుకోలేదు.

"పేరేందిరా?" అన్నాడు రాజమౌళి.

"మొండయ్య. ఈడనే జోల్వా కాడ సాంచెలు నడిపిన పెద్దయ్యా. ప్లేగుకు పోయొచ్చినంక నా జాగల వేరేటోన్ని పెట్టుకున్నరు. అప్పటికే చెవులు పోయినయ్. ఇప్పుడు ఎవలు మాట్లాడినా మూతే చూస్త."

"లింగమూర్తిని చూసినవా?"

"లేదు."

"మరి సచ్చిండని ఎందుకన్నవు?"

"బతికిండని అందరు చెప్పి చెప్పి ఆ మాట పాతగైపాయె. సచ్చిండంటె..." అని వాడు నర్సింగం వైపు ఒక్క చూపు చూసి ఆగాడు.

"నా దిక్కు చూస్తవేందిరా!" నర్సింగం లేచి పళ్లెం మీదికి కాలెత్తాడు. వజ్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టిన అన్నం నాది బావా. తన్నకు. తినిపోనియ్యి. మల్ల మాత్రం పెట్ట."

"మచ్చ లేదన్నడా లేదా? ఒప్పుకున్నది ఒప్పుకున్నదే!" అన్నాడు నర్సింగం రాజమౌళితో.

"మనం చెప్పిందే మనకు చెప్పిండు గదరా. దాన్ని పట్టుకొని దినాలు చేస్తె నవ్వుతరు. నడువ్." నర్సింగమే వాణ్ని పంపాడా లేదా అన్నది ఆ గల్లీలో చాలాకాలం నలిగింది. తేలలేదు. వెళ్తూ నర్సింగం గదిని మూల నుంచి మూల దాకా ఒకసారి చూసుకున్నాడు.

మొండయ్య పళ్లెం ఖాళీ చేసి సంచి భుజాన వేసుకున్నాడు. వజ్రమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి, వాడికి కనబడేలా అడిగింది: "మూతికి గుడ్డ కట్టుకున్నోడు మాట్లాడితె సదువుతవా?"

"గుడ్డ కదిలే తీరును బట్టి ఎప్పుడన్న దొరుకుతది. ఎప్పుడన్న దొరకది."

ఆమె కొంగును మూతికి చుట్టి వెనక ముడేసుకుంది. ఐలమ్మ గడపలోంచి లేచి నిలబడింది. ఆ వేళ ప్లాట్‌ఫారం మీద రుమాలు ఎలా కదిలిందో ఆమె కొంగు అలా కదిలింది. ఒకసారి విశాలంగా, తర్వాత చిన్నగా, చివర బిగబట్టినట్టు. ఎన్నిసార్లు ఒంటరిగా చేసి చూసుకుందో గానీ తడబడలేదు.

"ఏమన్నడు?"

మొండయ్య చాలాసేపు చూశాడు. "ఇంకోపారి," అన్నాడు. ఆమె మళ్లీ చేసింది. వస్తున్న పో అన్నడు, అని చెబితే సరిపోయేది. అంత చిన్న అబద్ధానికి ఆమె ఇంట్లో ఉన్నదంతా వండి పెట్టేది. ఆ సంగతి వాడికి తెలియకపోలేదు.

"తెలుస్తలేదు అక్కా," అన్నాడు.

అది నిజమో, పట్టుబడ్డవాడి జాగ్రత్తో చెప్పడం కష్టం. వజ్రమ్మ కూడా అనుమానంగానే చూసింది. తర్వాత కొంగు ముడి విప్పుకుని, వాడి చేతిలోని పళ్లెం లాక్కుని, మళ్లీ అన్నం పెట్టింది.