పసుపంటిన సంతకం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆర్మూర్‌లోని ఒక పసుపు మిల్లులో నేను హాజరు రాసేవాణ్ణి. ఇంటర్ తప్పినవాడికి కుర్చీలో కూర్చునే నౌకరీ దొరికిందని ఇంట్లో మురిసిపోయారు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగాను.

వేల్పూర్ నుంచి రోజూ ఆటోలో వచ్చే ఒక అక్క ఎన్నో ఏళ్లుగా ఆ మిల్లులో పసుపు కొమ్ములు ఏరేది. వయోజనుల బడిలో పేరు రాయడం అప్పుడే నేర్చుకుంది. ఏడాది మొదట్లో కొత్త రిజిస్టర్ తెరిచిన రోజు, సంతకం తానే చేస్తానని పట్టుబట్టింది. నాలుగక్షరాలు రాసేసరికి చేతికున్న పసుపు కాగితానికి అంటింది. పైనుంచి ఎవరైనా వస్తే చూపించే పుస్తకం ఇట్లాగేనా ఉంచేదని సేటు నన్ను అందరి ముందూ తిట్టాడు. ఆ కోపం నేను ఆమె మీద తీర్చుకున్నాను.

"రేపటి సంది బుక్కు ముట్టకు అక్కా. అందరియి నేనే పెడ్త."

"మంచిది తమ్మీ, నీ ఇష్టం," అంది చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

అప్పటి నుంచి అందరి సంతకాలూ నేనే పెట్టాను. మిల్లులో శుభ్రంగా ఉండేవి రాసేవాడి చేతులే కదా. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ ఏడాది చివర్లో, కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము బెల్టులో చెయ్యిపడి ఒకామె రెండు వేళ్లు పోయాయి. లేబర్ ఆఫీసరు వచ్చి అడిగితే అందరం నేల చూపులు చూశాం. చేతులు పడకుండా బెల్టుకు ఉండాల్సిన జాలీ లేదని అక్క ఒక్కతే చెప్పింది. వారం తిరక్కుండానే ఆమెను గేటు దగ్గర ఆపేశారు. నోటీసు లేదు, విచారణ లేదు.

ఆమె లేబర్ కోర్టుకు వెళ్లింది. మేం తీసెయ్యలేదు, ఆమె ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే మనిషని మిల్లు జవాబిచ్చింది. చివరి ఏడాదిలో రెండువందల నలభై రోజులు పనిచేసినట్టు ఆమే రుజువు చేసుకోవాలట. అది తేలితే, నోటీసు లేకుండా తీసెయ్యడం చెల్లదు, మళ్లీ పనిలోకి తీసుకొమ్మని కోర్టు చెప్పొచ్చు. తేలకపోతే కేసు అక్కడికే ఆఖరు. తోటివాళ్లెవరూ భయంతో సాక్ష్యానికి రాలేదు. ఇక ఉన్నది నా రిజిస్టరొక్కటే. సంతకాలన్నీ హాజరు రాసే తమ్ముడే పెడతాడని ఆమె ముందే కోర్టులో చెప్పింది.

హైదరాబాద్‌లో మిల్లు తరఫున నన్ను బోనెక్కించారు. మిల్లు వకీలు మొదటి పేజీ చూపించి, పసుపు మరకున్న సంతకం ఆమెదేనా అన్నాడు. అవునన్నాను. మిగతావి? కావన్నాను. రెండూ నిజాలే. ఆమె చెయ్యి కాని సంతకాలున్న రోజులు ఆమె వచ్చినట్టు లెక్క కాదని మిల్లు వాదన. అప్పుడు ఆమె వకీలు లేచాడు.

"మరి ఇవి పెట్టింది నువ్వే కదా?"

సేటు వెనక బెంచీలో ఉన్నాడు.

"నేను కాదు సార్. ఎవరు పెట్టిండ్రో నాకు తెల్వదు."

అక్క నన్నే చూస్తోంది. అబద్ధమాడుతున్నానని కాదు, మరిచిపోయానేమో, గుర్తు చేద్దామా అన్నట్టు చూసింది.

కేసు కొట్టేశారు. జడ్జి మీద నాకు కోపం లేదు. ఆయన ముందున్న కాగితాన్నీ నా మాటనూ చూసి తీర్పిచ్చాడు. కోపమంతా నా మీదే, ఈనాటికీ.

కొన్నాళ్లకు, మిల్లులో ఉండిపోయిన టిఫిన్ డబ్బా కోసం అక్క వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"జర గా బుక్కు సూపియ్యి తమ్మీ."

కోర్టు నుంచి తిరిగొచ్చిన రిజిస్టర్ తెచ్చి మొదటి పేజీ తీశాను. మరక వెలిసిపోయింది. ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి, అయినా కాగితం ముట్టుకోలేదు. దూరం నుంచే వేలు చూపించింది.

"గిదొక్కటన్న నాదే గదా?"

"నీదే అక్కా. తక్కినయన్ని నేను పెట్టిన. నువ్వు రోజూ వచ్చినవ్."

లోపల డ్రమ్ము తిరుగుతోంది. ఆమె తప్ప ఆ మాట ఎవరూ వినలేదు. తలూపి, డబ్బా తీసుకుని ఆటో ఎక్కింది.