మా డేక్సా, ఎదురింటి ఇంత్రూజ్

గల్ఫ్‌లో, దార్సైట్‌లో మా చిన్నప్పుడు... భస్మ బుధవారానికి ముందురోజు మా ఫ్రిజ్ పూర్తిగా ఖాళీ అయ్యేది. మర్నాటి నుంచి ఈస్టర్ దాకా మాంసం, గుడ్లు ఇంట్లోకి రావు. నర్సుగా పనిచేసే అమ్మ పొద్దున డ్యూటీ ముగించుకొని వచ్చి, ఉన్న మాంసమంతా పెద్ద డేక్సాలో వండేది. ఆస్పత్రిలో తనతో పనిచేసే తెలుగు నర్సులు వచ్చి తినేసి వెళ్ళేవారు...

సరిగ్గా ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాట్‌లో ఫిలో ఆంటీ వాళ్ళు కార్నివాల్ చేసుకునేవారు. గోవా వాళ్ళ మాటలో ఇంత్రూజ్. పాటలు, ముసుగులు, ఒకరి మీద ఒకరు పిండి చల్లుకోవడం... ఆంటీ కూతురు రీటా, నేను ఒకే క్లాసు. నేనూ వెళ్తానని అమ్మని ఏటా అడిగేదాన్ని, ఏటా ఒకటే జవాబు.

"అవన్నీ అన్యుల వేషాలే! ప్రభువు నలభై దినాలు ఉపవాసముంటే, వీళ్ళకి ముసుగులూ గంతులూనా?"

ఆ ఏడు మాత్రం నేను ఊరుకోలేకపోయాను. రీటా వాళ్ళ నాన్న ఉద్యోగం అయిపోయింది... నెలాఖరుకి అందరూ గోవా వెళ్ళిపోతున్నారు. ఖర్జూరం డబ్బా అట్ట కత్తిరించి నాకూ ఒక ముసుగు చేసి ఉంచింది రీటా. ఇక మరో ఇంత్రూజ్ లేదు. ఏడ్చాను, అన్నం మానేశాను... అమ్మ చలించలేదు.

ఆ సాయంత్రం అనుకోకుండా నర్సులందరికీ డ్యూటీలు మారాయి. ఒక్కరూ రాలేదు. నాన్న పనిచేసేది దూరంగా సహం అనే ఊళ్ళో, వారాంతానికి గాని రారు. నిండు డేక్సా ముందు అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. రేపు తినకూడదు... పారబోయకూడదు.

"పద. ఇచ్చేసి వచ్చేద్దాం. లోపలికెళ్ళేది లేదు."

తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మ ఒక చెవి, నేనొక చెవి పట్టుకుని డేక్సాని ఎదురు ఫ్లాట్‌కి మోశాం. తలుపు తీసిన ఫిలో ఆంటీ చేతిలో పళ్ళెం... కొబ్బరి, బెల్లం పెట్టి చుట్టిన అట్లు. మిగిలిన గుడ్లన్నీ అందులోకే పోయాయట. డేక్సా చూసి, మీరూ ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నారా అని హిందీలో అడిగింది: "క్యా సిస్టర్, ఆప్ భీ ఫ్రిజ్ ఖాలీ కర్ రహే హో?"

"కల్ సే నహీ ఖాతే," అంది అమ్మ, రేపటి ఉపవాసం గుర్తుచేస్తూ, కొంచెం బిగుసుకుని.

"అరే, వహీ తో ఇంత్రూజ్ హై!"

ఇంత్రూజ్ అంటే అదేనట! ఆంటీ డేక్సాకి నా వైపు చెవి పట్టుకుని లోపలికి లాగింది... రెండో చెవి అమ్మ చేతిలో ఉంది కాబట్టి అమ్మా వెళ్ళింది! రీటా నా మొహానికి ముసుగు కట్టింది. అమ్మ అట్టు తుంచుతూ చూసి, "ఇంటికొచ్చేటప్పుడు తీసెయ్," అని మాత్రం అంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మళ్ళీ ఆ రోజులొచ్చాయి, నా ఫోనుకు మనశ్శాంతి లేదు. తమ్ముడు కుటుంబం గ్రూపులో పెట్టాడు: కార్నివాల్ రోమన్ దేవతల పండగ, జాగ్రత్త! పక్క ఫ్లాట్ ఆయనేమో మన హోలీనే కాపీ కొట్టారంటాడు. ఆఫీసులో గోవా మిత్రుడు వంద శాతం క్రైస్తవమే అంటాడు. "రిపోర్టరువి కదక్కా, నువ్వే తేల్చు!" అంటూ తమ్ముడి మెసేజ్.

తెలిసినంత చెప్పాను. చలికాలం పోయేవేళ ముసుగులు వేసుకుని గోల చేయడం యూరప్‌లో చాలాచోట్ల ఉండేది. ఉపవాసానికి ముందు మాంసం, గుడ్లు, కొవ్వు తిని ముగించడం చర్చి క్యాలెండరు తెచ్చిన అవసరం. రెండూ కలిసిపోయాయి. రోమన్ల పండగే నేరుగా ఇలా మారిందనడానికి గట్టి ఆధారం నాకు కనబడలేదు. ఏది ఎంత పాలో విడదీయడం ఎవరి తరమూ కాదు.

"అయితే అన్యాచారమేగా?" అన్నాడు తమ్ముడు. ఆ రోజు అమ్మ చంకలో కూర్చుని మూడు అట్లు తిన్నవాడు వీడే!

ఇప్పుడు మాంసం ఫోనులో అరకిలో చెబితే అరకిలోనే వస్తుంది... ఖాళీ చేయడానికి ఏమీ మిగలదు. ఎదురింటివాళ్ళ పేరు నాకింకా తెలియదు. గ్రూపులో మాత్రం బంధువులంతా మూలాలు తవ్వుతూనే ఉన్నారు.

నిన్న అమ్మని అడిగాను, ఆ పండగ ఎవరిదంటావని. "ఏమోనే... రీటా వాళ్ళెక్కడున్నారో?" అంది.

మీ ఇంట్లో ఉపవాసానికి ముందురోజు ఏ గిన్నె ఖాళీ అయ్యేది... ఏ తలుపు తట్టేవారు? అది రాయండి. మూలాలు మాత్రం పంపకండి, దండం పెడతాను.