ఇరవై బల్బుల దండ

మొన్న నవరాత్రుల మొదటి రోజు, ఘటస్థాపన నాడు మా మనుమరాలు దేవుని గూటికి కట్టేందుకు కొత్త లైట్ల దండ తెచ్చింది. నేను అగ్గిపెట్టె పక్కకు పెట్టి, దాని డబ్బా మీద వోల్టు ఎంత, ఆంపియర్ ఎంత అని వెతికి, పెదవుల్లోనే గుణించుకుంటున్న. "దేవుని ముందట మంత్రం చదువుతరు గని లెక్కలు చేస్తరా అవ్వా" అని నవ్వింది. నాకు రెండూ ఒక్కరే నేర్పిండ్రు బిడ్డా అని చెప్పిన. ఆయన మా పెద్దబాపు, మా నాయినకు అన్న.

చిన్నప్పుడు నాకు ఊపిరి సరిగ్గ ఆడేది కాదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. అందుకని బడి మొఖం చూడలేదు. నాందేడ్‌లో మా ఇంటి ముందరి అర్రలోనే పెద్దబాపు కరెంటు సామాన్లు బాగుచేసేది. అదే నా బడి. పొద్దున స్నానం చేసి శ్లోకం చెప్పుకున్నంక, ఆ వెంబడే పలక మీద లెక్క. పుస్తకాల్లో ఏమంటరో నాకు చాలా ఏండ్లు తెలువదు. ఆయన మాటల్లో రెసిస్టెన్సు అంటే అడ్డు, పవర్ అంటే జోరు. "వోల్టును ఆంపియర్‌తో భాగిస్తే అడ్డు, గుణిస్తే జోరు" అని శ్లోకం లెక్కనే పాడించేది. తప్పు చెప్తే కొట్టేది లేదు, మళ్ల మొదటి నుంచి పాడుమనేది. అది కొట్టుడు కంటే కష్టం.

మా గల్లీ దేవి మండపానికి లైట్ల దండ ఏటేటా పెద్దబాపుదే. అది ఆయన మొక్కు. ఆరు వోల్టుల బల్బులు నలభై, ఒకదాని వెనుక ఒకటి, పూలు గుచ్చినట్టు. నలభై ఆర్లు రెండువందల నలభై, ఇంట్ల వచ్చే రెండువందల ముప్పై వోల్టుల కరెంటుకు సరిపోతది. కాని నాకు పన్నెండేండ్లు వచ్చిన ఏటికి ఆయన కండ్లల్లో పొర వచ్చింది. వైరు కొసలు వేళ్లతోని తడిమి కలిపేది. మండపం నడిపే మండలి అధ్యక్షుడు మరాఠీ ఆయన, మంచి మనిషే. ఒకనాడు మా గడప దగ్గర నిలబడి, "కాకా, యందా జమేల్ కా?" అని మెల్లగ అడిగిండు. ఈ ఏడు మీతోని అయితదా అని. కాకపోతే వేరేటోనికి చెప్తమన్నది ఆ మాట వెనుక ఉన్నది. పెద్దబాపు అయితదనే చెప్పిండు. ఆ పూట మాత్రం బువ్వ సగమే తిన్నడు.

ఘటస్థాపన నాడు మధ్యాహ్నం ఆయన మండపం దగ్గరికి పోతూ, పెట్టెల ఉన్న దండ ఒకసారి చూసిపెట్టుమని నాకు చెప్పిండు. వానకాలం తేమకు కొన్ని బల్బులు చచ్చిపోయినయి. మా ఇంట్ల ఆడోళ్లకు ఒక అలవాటు ఉన్నది. వంకాయ పుచ్చితే పుచ్చిన కాడికి కోసి, మిగిలింది కూరలో వేస్తం. నేను అదే చేసిన. చచ్చిన బల్బులు పది కత్తిరించి, వైర్లు కలిపి స్విచ్చి వేసిన. దండ నిరుటి కంటే ధగధగ మెరిసింది. నా చేతి గుణమే అనుకొని, దేవికి దండం పెట్టుకొని, మురుసుకుంట చూస్తున్న. చూస్తుండంగనే ఒకటి టప్పుమన్నది, దండంతా ఆరిపోయింది. దాన్ని కోసి కలిపిన. ఇంకా మెరిసింది, ఇంకోటి పోయింది. అట్ల కోసుకుంట కోసుకుంట ఇరవై మిగిలేసరికి కత్తెర పక్కకు పెట్టిన. ఇంక స్విచ్చి ముట్టలేదు. ఆ బల్బులు హైదరాబాదు నుంచి రావాలె. ఇంట్ల మారు బల్బు ఒక్కటి లేదు. పొద్దు గూకితే దేవి చీకట్ల ఉంటది, పెద్దబాపు మొక్కు వేరేటోని చేతికి పోతది. పోయేది కూడా ఆయన కండ్ల వల్ల కాదు, నా వల్ల.

ఆయన రాంగనే ఏడ్సుకుంట అంత చెప్పిన. దండ చేతిలకు తీసుకొని ఇరవై బల్బులు వేళ్లతోని లెక్కపెట్టిండు.

"పలక తే" అన్నడు.

ఒక్క బల్బు ఆరు వోల్టులు, ఆంపియర్‌లో పదో వంతు. భాగిస్తే అడ్డు అరవై, గుణిస్తే జోరు అర వాటు పైన. ఇరవై బల్బులకు అడ్డు పన్నెండు వందలే. రెండువందల ముప్పై వోల్టులు మీద పడితే ఒక్కోదానికి జోరు రెండు వాట్లు దాటుతది. ఓర్చుకునే దానికి మూడింతలు ఎక్కువ.

"చచ్చినోళ్లను తీసేస్తివి, సరే. వాళ్ల బరువు ఎవరు మోయాలె?" అన్నడు పెద్దబాపు. కోపం లేదు ఆ గొంతుల. "మొత్తం అడ్డు రెండువేల మూడువందలు ఉండాలె, అంటే ఇంకో పదకొండు వందలు కావాలె. ఎక్కడ దొరుకుతదో నువ్వే చూడు, నాకు కండ్లు లేవు."

నేను తలెత్తిన. మా నెత్తి మీద నలభై వాట్ల బల్బు వేలాడుతున్నది. వాట్లను వోల్టులతోని భాగిస్తే ఆంపియర్ వచ్చింది, వోల్టులను ఆ ఆంపియర్‌తోని భాగిస్తే అడ్డు పదమూడు వందల పైచిలుకు వచ్చింది. దండ అడ్డు, దీని అడ్డు కూడితే కరెంటు పదో వంతుకు కొంచెం తక్కువనే పారుతది. రెండుసార్లు చేసి చూసిన, మూడోసారి ఆయన చేయించిండు.

దీపాల యాళ్లకు మండపంల దండ కట్టినం. ఆ నలభై వాట్ల పెద్ద బల్బును దండ కొసకు కలిపి, చిల్లుల కుండలో పెట్టి దేవి వెనుక దాచినం. స్విచ్చి వేస్తే కుండలో అది ఎర్రగ, నూనె దీపం లెక్క మినుకుమన్నది. ముందర ఇరవై చిన్నవి మెత్తగ వెలిగినయి. పెద్దబాపుకు కానరావు కదా, నా భుజం పట్టుకొని ఎన్ని అని అడిగిండు. ఒకటి నుంచి ఇరవై దాక గట్టిగ లెక్కపెట్టిన. ఆయాసం యాదికే రాలేదు.

అధ్యక్షుడు వచ్చి, ఈసారి వెలుగు చల్లగున్నది, ఎవరు చేసిండ్రు అని అడిగిండు.

"చేతులు నావి, లెక్క పిల్లది. వచ్చే ఏడు గూడ ఇద్దరం వస్తం" అన్నడు పెద్దబాపు.

చెప్పినట్టే ఆయన ఉన్నన్ని ఏండ్లు ఇద్దరం పోయినం. ఈ కథంత విని మా మనుమరాలు ఊకుండలేదు. ఇంట్ల ఉన్న ఇస్త్రీపెట్టె, మిక్సీ తిప్పి చూసి వాటి అడ్డు ఎంతో చెప్పుమని కూర్చున్నది. పలక లేదు, పాత క్యాలెండరు వెనుక రాయించిన. మొదటిసారి తప్పు చెప్పింది, మళ్ల మొదటి నుంచి పాడుమన్న.

నా దండలోంచి కూడా ఒక్కొక్కరే పోయిండ్రు. అయినా ఇన్నేండ్లు నేను మాడిపోకుండ వెలుగుతున్ననంటే, వెనుక ఏదో కుండలో ఎవరో ఆ పోయినోళ్ల బరువు మోస్తనే ఉన్నరని రోజూ దీపం ముట్టించేటప్పుడు అనుకుంట.