మా రేవు నగరాన్ని ముంచేశారు

పెళ్ళికి ముందు నుంచీ ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఆట ఉండేది. ఎల్బీ నగర్‌లోని అద్దె ఫ్లాట్ హాల్లో చాప పరిచి, పాచికలూ పెన్సిళ్ళూ మిక్చర్ గిన్నే మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను: ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు, ఆ పాత్ర తలపెట్టిన పని అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది. కథ జరిగే లోకాన్ని మాత్రం ఆట కంపెనీ పుస్తకాలుగా వేస్తుంది. పటాలు, రాజులు, దేవుళ్ళు, వీధులు అన్నీ అందులోనే ఉంటాయి. మా ఇంట్లో కథ నడిపేది నేను. ఎప్పుడూ నేనే.

ఆడేవాళ్ళలో ఒకడు డిగ్రీ నాటి నా స్నేహితుడు. సైదాబాద్‌లో పుట్టి పెరిగాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోన్లు రిపేరు చేసే షాపు ఉంది. ఇంకొకరు వాడి చెల్లెలు, ఫార్మసిస్టు. పెళ్ళయ్యాక మా ఆవిడ కూడా చేరింది. ఆమెది నల్లగొండ జిల్లా, ఇక్కడ స్కూల్లో సైన్స్ చెబుతుంది. మొదట్లో సోఫాలో కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకుంటూ వినేది. తర్వాత తనూ ఒక వైద్యురాలి పాత్ర తీసుకుని చాప మీదికి దిగింది.

ఆ లోకంలో ఒక రేవు నగరమంటే నాకు ప్రాణం. ఏ సందులో ఎండుచేపలు అమ్ముతారో, ఏ గుడి గంట పగిలిందో పుస్తకం తెరవకుండా చెప్పేవాణ్ణి. "వీడు గాడనే కిరాయికుంటడు" అని ఫోన్ల షాపున్న మా వాడు నవ్వేవాడు. ఆ మాట నాకు బిరుదులా ఉండేది.

కొత్త ఎడిషన్‌లో కంపెనీవాళ్ళు ఆ లోకాన్ని వందేళ్ళు ముందుకు జరిపేశారు. సముద్రం పొంగి నా నగరం మునిగిపోయింది. బతికినవాళ్ళు కొండ మీద గుడిసెలు వేసుకున్నారు. పాత నగరానికి మిగిలింది అరపేజీ.

ఆన్‌లైన్ గ్రూపు అట్టుడికిపోయింది. ఒకాయన పాత పటానికి పూలదండ వేసి ఫొటో పెట్టాడు. ఇంకొకాయన కొత్త పుస్తకాన్ని చింపుతూ వీడియో తీశాడు. బాగుందన్నవాళ్ళని అందరూ కలిసి తిట్టారు, నేనూ తిట్టాను. మా వాడు షాపు నుంచి ఫోన్ చేశాడు. "ఏంది రా గిది? మనల్ని అడగకుండనే ముంచుతరా?"

"మన ఇంట్లో పాత లోకమే నడుస్తుంది" అని ప్రకటించాను. అందరూ సరేనన్నారు.

తిట్టడానికైనా చదవాలి కదా అని కొత్త పుస్తకం తెప్పించాను. కొంచెం చదివి ఫ్రిజ్ మీద పడేశాను. అక్కణ్ణుంచి అది మా ఆవిడ బ్యాగులోకి వెళ్ళింది. స్కూలుకి వెళ్తూ మెట్రోలో చదివేది.

ఒక ఆదివారం నాకు ఆఫీసులో ఆడిట్ పని పడింది. "నువ్వు లేకపోతే ఊరికే కూసుంటం. జర నేను కొత్తది చెప్పి చూస్తా" అంది మా ఆవిడ. నవ్వి, కానీమన్నాను.

సాయంత్రం తలుపు తీసుకుని లోపలికొస్తే ఒక్కరూ తల తిప్పలేదు. ఆమె చెబుతోంది.

"ముసలామె పడవ ఒక్క కాడ ఆపింది. చుట్టూ నీళ్ళే. 'తెడ్డు జర మెల్లగ ఎయ్యుండ్రి, కింద మా వంటిల్లుంది' అంటుంది మీతోని. ఏం చేస్తరు?"

మా వాడి చెల్లెలు గొంతు తగ్గించి, "తెడ్డు పైకి తీసేస్త వదినె" అంది. ఆ పుస్తకాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన మా వాడు ముక్కు ఎగబీల్చాడు. నా నగరంలో వాణ్ణి ఏళ్ళ తరబడి తిప్పాను. ఒక్కనాడూ వాడి ముక్కు కారలేదు.

కడుపు మండిపోయింది. చప్పుడయ్యేలా షూ విప్పాను. "ఒచ్చినవా, కుక్కర్ల పప్పుంది" అని మళ్ళీ కథలోకి వెళ్ళిపోయింది. పోయేటప్పుడు మా వాడు చెప్పులేసుకుంటూ, నా మొహం చూడకుండా, "వచ్చే ఆదివారం గూడ వదినెనే చెప్పాలె" అన్నాడు.

ఆమె స్నానానికి వెళ్ళగానే పుస్తకం లాక్కుని వెతికాను. పడవ ముసలావిడ ఎక్కడా లేదు.

"ఆవిడ పుస్తకంలో లేదుగా?" అన్నాను ఆమె బయటికి రాగానే, దొంగను పట్టుకున్నట్టు.

"మా అమ్మమ్మ. ఊరు ప్రాజెక్టుల మునిగినంక గట్టు మీద నిలబడి, గదిగో గక్కడ మా వాకిలి అని చూపెట్టేది. మాకు నీళ్ళే కనపడేటివి."

నాకు జాలి కలిగింది, కానీ అంతకన్నా ముందు ఈర్ష్య కలిగింది. నా వీధులన్నీ ఎవరో రాసి అచ్చేసినవి. ఆమె దగ్గర నిజంగా మునిగిన ఊరుంది. నేను పెరిగిన చైతన్యపురి ఇంటి ఎదుట కోచింగ్ సెంటర్ల బోర్డులు మారాయంతే. మునిగిన ఊరి మీద కూడా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. పైకి మాత్రం, "బాగానే ఉంది కానీ, ఆ రేవులో పడవలు తూర్పు వైపు కట్టరు" అన్నాను.

"వందేండ్లయ్యె కదా. ఇప్పుడు కడుతున్నరు" అంది.

కొన్నాళ్ళకి అభిమానుల గోల భరించలేక కంపెనీ దిగొచ్చింది. మునిగిన నగరాన్ని మంత్రంతో పైకి లేపుతున్నామని ప్రకటించింది. ఫోన్లో చెబితే సరిపోయేది, కానీ మా వాడి మొహం చూడాలని షాపుకి వెళ్ళాను.

వాడు విప్పిన ఫోన్ మీంచి తలెత్తి, "నిమ్మళంగ ఉండనియ్యరా వీళ్ళు! ఇప్పుడెవడు లేపమన్నడు?" అన్నాడు.

"నువ్వేగా రా ముంచారని గోల పెట్టింది?"

"అప్పుడు పెట్టిన. ఇప్పుడు గా కొండ మీదోళ్ళు ఏం గావాలె?"

ఇంట్లో చెబితే మా ఆవిడ మారుమాట లేకుండా, "లేపుదం. నువ్వే చెప్పు మల్ల" అంది. అంత తేలిగ్గా ఎలా ఇచ్చేయగలిగిందో! దానికీ కుళ్ళుకున్నాను.

ఆ ఆదివారం నేను నగరాన్ని లేపాను. వీధులన్నీ కడిగి, గంటలు మోగించాను. అందరూ మర్యాదగా ఆడారు. మధ్యలో మా వాడు షాపు నుంచి ఫోనొచ్చిందని బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఫోన్లో మాట్లాడుతున్న మాటలేం వినపడలేదు. మరుసటి ఆదివారం ఎవరూ ఏమీ అనకముందే నేను పక్కకి జరిగి, కథ చెప్పేవాళ్ళు కూర్చునే గోడవార చోటు మా ఆవిడకి ఇచ్చాను.

ఇప్పుడు ఆమె స్కూలు టీచర్లు ఇద్దరు కొత్తగా చేరారు. హాలు చాలడం లేదు. మొన్న ఆమె కొండ మీది జనంలో నీళ్ళ కోసం తగాదా పెట్టి, సరిగ్గా గొడవ ముదిరే చోట ఆపేసింది. తర్వాత ఏమవుతుందో చెప్పమని వంటింట్లో రెండుసార్లు అడిగాను.

"ఆదివారం దాక ఆగు" అంది, ఉల్లిపాయలు తరుగుతూ.

ఆగుతున్నాను. అందరిలాగే నేనూ ఆగుతున్నానే, ఒళ్ళు మండేది అందుకే.